విప్పే ముందు నడిపించు

ప్రశ్న: నమస్కారమండీ. మాది చింతపల్లి దగ్గర ఒక ఊరు. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, వయసు 28. మా నాన్నగారి మహీంద్రా ఎంఎం540 డీజిల్ జీపు, 1991 మోడలు, 11 ఏళ్లుగా మా పశువుల పాకలో నిలబడి ఉంది. నాన్న పోయి మూడేళ్లయింది. ఆయన దాంట్లో కాఫీ, మిరియాల బస్తాలు వేసుకుని నర్సీపట్నం దిగేవారు. దాన్ని నా చేతులతో మళ్లీ కొత్తదానిలా చేయాలని ఉంది. వీడియోల్లో బాడీ మొత్తం ఎత్తేసి, ఛాసిస్‌కు రంగు వేసి, ఒక్కో బోల్టూ తళతళా మెరిపించి బిగిస్తున్నారు. దసరా సెలవుల్లో నేనూ అలాగే మొదలుపెడదామనుకుంటున్నాను. తెలిసిన మెకానిక్ మాత్రం "ఆ పాత ఇంజను పీకేసి టర్బో ఇంజను ఎక్కిద్దాం, నేను తెచ్చిపెడతా" అంటున్నాడు. అమ్మేమో "పాకలో సగం అదే తినేసింది, పాత ఇనుము వాడికి ఇచ్చెయ్" అంటోంది. బైకు చైను బిగించడం తప్ప నాకు ఏ పనీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంజను మార్చాలా? మీ అబ్బాయి వయసువాణ్ని, నువ్వు అనే రాయండి.

సమాధానం: దసరాకు పూనుకో, బాబూ. బాడీ మాత్రం ఎత్తకు. ఈ ఒక్క ముక్క వింటే మిగతా జవాబు చదవకపోయినా ఫర్వాలేదు. కానీ కారణం చెప్పకపోతే వినవని తెలుసు. నీ వయసులో నేనూ వినలేదు.

నా మొదటి జీపు సీజే-3బి, పెట్రోలు బండి. ఆ ఇంజనులో గాలి లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. దాంతో ఇంజను ఎత్తు పెరిగి, బానెట్టు కూడా లేపాల్సి వచ్చింది. ఆ ఎత్తు మూతి చూసే కొన్నాను. రెండు ఆదివారాల్లో మొత్తం విప్పేశాను. విప్పడం ఎంత హాయిగా ఉంటుందో! గంటగంటకీ ఏదో సాధించినట్టే ఉంటుంది. నట్లన్నీ బిస్కెట్ డబ్బాల్లోకి, గేరుబాక్సు గోనెసంచిలోకి, అద్దం ఫ్రేము మంచం కిందికి వెళ్లాయి. తర్వాత వానలొచ్చాయి, పెళ్లయింది, బదిలీ అయింది. నాలుగేళ్లకు డబ్బాలు తెరిస్తే ఏ నట్టు ఎక్కడిదో నాకే తెలియలేదు. చివరికి తూకం లెక్కన అమ్మాను. మా ఇంటికి అది నడిచొచ్చిన బండి.

ఇళ్లలో మొదలై ఆగిపోయిన జీపులు నేను చాలానే చూశాను. డబ్బు చాలక ఆగినవి కొన్నే. ఎక్కువ బండ్లు విప్పడం పూర్తయి, బిగించడం మొదలుకాక ఆగినవి. వీడియోలో ఉన్నవాడికి లిఫ్టు ఉంది, పక్కన ఇద్దరు పనివాళ్లున్నారు, అతనికి రోజూ అదే పని. నీకున్నవి ఒక పాక, వారానికి ఒక ఆదివారం, విశాఖ నుంచి ఘాటెక్కి వచ్చేసరికి అందులోనూ సగం పోతుంది. అందుకని నా పద్ధతి పట్టుకో. ఏ ఆదివారం సాయంత్రం చూసినా నీ జీపు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి. ఒకసారికి ఒక్క భాగమే తెరవాలి. అది బిగిసి, పనిచేసి, నువ్వు చేతులు కడుక్కున్నాకే రెండోది. బాడీ కింద ఛాసిస్ పగిలిందనో, మౌంటింగుల దగ్గర పూర్తిగా తినేసిందనో తేలితే బాడీ ఎత్తక తప్పదు. అది తేల్చాల్సింది కూడా బండి నాలుగడుగులు నడిచాకే.

పానా పట్టే ముందు కాగితాల సంగతి. ఆర్‌సీ మీ నాన్నగారి పేరునే ఉందనుకుంటాను. యజమాని పోతే 30 రోజుల్లో రవాణా శాఖ ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 మీద వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఆ గడువు నీకు ఎప్పుడో దాటింది. దాటినంత మాత్రాన పని ఆగదు, ఆలస్య రుసుముతో నడుస్తుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులు నీ పేరున రాయడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకాలు అడుగుతారు. అంటే అమ్మ సంతకం లేకుండా అది నీ బండి కాదు. ఇనుము వాడికి ఇచ్చేయమంటున్న మనిషి సంతకమే నీకు మొట్టమొదట కావాల్సింది, గుర్తుంచుకో.

సొంత బండి రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు. 1991 బండి కాబట్టి 2006 నుంచీ రెన్యువల్ మీదే తిరిగి ఉండాలి. చివరిది ఎప్పుడు చేయించారో పుస్తకం వెనక పేజీల్లో చూడు. రెన్యువల్ దరఖాస్తు ఫారం 25 మీద. 15 ఏళ్లు దాటిన కారు, జీపులకు ఒకప్పుడు 600 రూపాయలున్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. ఆలస్యానికి నెలకు 500 రూపాయలు వేరే. దానిపైన గ్రీన్ ట్యాక్స్. నీ బండికి మొత్తం ఎంతవుతుందో ఆఫీసులో కూర్చుని కాగితం మీద రాయించుకో. పాత పుస్తకం ఆర్‌సీ కంప్యూటర్లోకి ఎక్కిందో లేదో కూడా అదే రోజు అడుగు, ఎక్కకపోతే ముందు ఆ పని చేయించాలి. ఈ లెక్క తెలియకుండా ఇంజనుకు ఒక్క రూపాయి కూడా పెట్టకు.

ఇంకోటి. ఆఫీసులో బండి చూసేవాళ్లు ఛాసిస్ మీద కొట్టిన నంబరుకు పెన్సిలుతో ప్రింటు తీసుకుంటారు. తుప్పు గీకే ఉత్సాహంలో ఆ నంబరు మీద గ్రైండరు పెట్టినవాళ్లను ఎరుగుదును. వాళ్ల తిప్పలు పగవాడికి కూడా వద్దు. నంబరు ఎక్కడుందో వెతికి, డీజిల్ గుడ్డతో తుడిచి, ఫొటో తీసి, గ్రీజు రాసి వదిలెయ్.

ఇప్పుడు టర్బో సంగతి. వద్దు. ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పాత ఇంజను నిజంగా పనికిరాకపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజను ముందుగా అనుమతి తీసుకుని వేసుకోవచ్చు. దాని నంబరు ఆర్‌సీలో ఎక్కాలి, ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లుండాలి. మీ మెకానిక్ తెచ్చిపెడతానంటున్న ఇంజనుకు ఆ కాగితాలున్నాయా అని ఒక్కసారి అడిగి అతని మొహం చూడు.

చట్టం పక్కన పెట్టినా నాకు ఆ ఆలోచన నచ్చదు. నీ బండిలో ఉన్నది 2,112 సీసీ ఎక్స్‌డీపీ 4.90 ఇంజను. సిలిండరు అడ్డకొలత 90 మిల్లీమీటర్లు, అలాంటివి నాలుగు. పేరులో ఆ 4.90 అదే. ఆఫ్రికా దేశాల్లో టాక్సీలుగా అరిగిపోయేదాకా తిరిగిన ఫ్రాన్సు కంపెనీ ప్యూజో వాళ్ల 504 డీజిల్ కారుది ఇదే వంశం. 62 హార్స్‌పవర్ అంటే ఇవాళ్టి లెక్కకు నవ్వొస్తుంది, నిజమే. కానీ నీ గేరుబాక్సు, హౌసింగులు (చక్రాల ఇరుసులుండే గూళ్లు), బ్రేకులు అన్నీ ఆ 62కు తగ్గట్టు కట్టినవి. పైన బలం పెంచితే ఏదో ఒక రోజు కింద ఏదో ఒకటి తెగుతుంది. మీ ఘాట్‌లో తెగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

సరే, పాకలోకి వెళ్దాం. బానెట్టు కర్రతో ఎత్తు, చేత్తో కాదు. 11 ఏళ్ల పాకలో ఎలకలుంటాయి, ఎలకలున్నచోట ఇంకోటి కూడా ఉంటుంది. ఎలకలు కొరికిన వైర్లు చూశాక బ్యాటరీ పెట్టి "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం" అనే బుద్ధి పుడుతుంది. పుట్టనివ్వకు. గడ్డి ఉన్న పాకలో నిప్పురవ్వ చాలు.

పనిముట్లు కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. నీ జీపు ఇంజను ఫ్రాన్సు సంతానం, దాని బోల్టులు మిల్లీమీటర్లలో ఉంటాయి. కింది ఛాసిస్, హౌసింగులు అమెరికా జీపు కంపెనీ విల్లీస్ సంతానం, అవి అంగుళాల లెక్క. బోల్టు తల అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పడుతుంది, తిరుగుతుంది కూడా, గట్టిగా లాగితే మాత్రం మూలలు అరిగి బోల్టు గుండ్రమైపోతుంది. రెండు రకాల రింగు పానాలూ కొను. పాత జీపుల్లో ఎడమ చక్రాల నట్లకు ఉల్టా మర ఉండటం కూడా మామూలే, స్టడ్డు కొస మీద ఎల్ అక్షరం ఉందేమో చూసుకో. తెలియక నేను పైపు వేసి లాగి రెండు స్టడ్లు విరగ్గొట్టాను. బిగుసుకున్న ప్రతి నట్టుకీ ముందు శనివారం రాత్రే రస్ట్ స్ప్రే కొట్టి పడుకో. విప్పిన బోల్టును దాని రంధ్రంలోనే రెండు మరలు తిప్పి వదిలితే డబ్బాల గొడవే ఉండదు. ప్రతి భాగం విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటో తియ్యి. ఫోను అనేది నా కాలంలో లేని గొప్ప పనిముట్టు.

జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరకు. ఇనుప స్టాండ్లు రెండు జతలు కొను, విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో దొరుకుతాయి. మట్టి నేల కాబట్టి స్టాండు కింద మందమైన చెక్క వెయ్యి. నువ్వు కింద ఉన్నప్పుడు ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి.

మొదటి పని బ్రేకులు. ఇంజను కాదు. ఎందుకు చెబుతున్నానంటే నా రెండో జీపుకు ఇంజనే ముందు లేపాను. 15 నిమిషాలు అద్భుతంగా పలికింది. ఆనందం పట్టలేక గేరు వేశాను. పెరటి వాలులో బ్రేకు తొక్కితే పెడలు అలా నేలకు పోయింది. మా బావి గట్టు లేకపోతే జీపు బావిలో, నేను దాంట్లో. గట్టు మీద ఆ నొక్కు ఇప్పటికీ ఉంది, మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

నాలుగు డ్రమ్ములూ ఒక్కొక్కటిగా తెరువు. లోపల దుమ్మును నోటితో ఊదకు, ఎయిర్ కొట్టించకు. ఆ కాలం బ్రేకు షూల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. మాస్కు పెట్టుకుని, నీళ్లతో తడిపి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్. వీల్ సిలిండర్ల లోపల రబ్బరు కప్పులు ఇన్నేళ్లకు గట్టిపడి ఉంటాయి, గోడలు గుంటలు పడి ఉంటాయి. కప్పులు మాత్రమే మార్చి సరిపెట్టుకోకు, సిలిండర్లే కొత్తవి వెయ్యి. మాస్టర్ సిలిండరు కూడా. ఇనుప పైపులు తుప్పు తిని పైకి బాగానే కనిపిస్తాయి, గోరుతో గీకితే పొడి రాలుతుంది. అవీ, రబ్బరు హోసులూ మార్చెయ్. పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. నీ మాస్టర్ సిలిండరుకు ఆయిలు గదులు ఒకటా రెండా చూసుకుంటే తెలుస్తుంది.

బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీలుస్తుంది. తేమ పట్టిన ఆయిలు ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి మరుగుతుంది, ఆవిరి పట్టిన పైపులో ఒత్తిడి నిలవదు. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగే రోడ్డు తెలిసినవాడివి, నీకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. సీలు ఉన్న కొత్త డబ్బానే వాడు, రెండేళ్లకోసారి మార్చు. ఒకరు పెడలు తొక్కి, ఒకరు చక్రం దగ్గర గాలి తీసే పనికి అమ్మనే కూర్చోబెట్టు. "తొక్కు", "వదులు" అంటూ ఓ గంట గడిస్తే సంతకం సంగతి కూడా తేలిక కావచ్చు.

ఇంజను నిద్ర లేపడానికి ఒక ఆదివారం చాలదు, రెండు పెట్టుకో. మొదటి రోజు డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిలు నల్లగా ఉంటే దిగులు లేదు. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయన్నమాట, అప్పుడు ఇంకేం చేయకుండా హెడ్డు తీసే పనికి మంచి మెకానిక్‌ను పిలువు. బాగుంటే నాలుగు హీటర్ ప్లగ్గులూ (స్టార్టుకు ముందు ఇంజనును లోపల వేడిచేసేవి) విప్పి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి వచ్చే వారం దాకా వదిలెయ్. అప్పటికి పిస్టన్ రింగులు నానతాయి. వచ్చే ఆదివారం ప్లగ్గులు లేకుండానే, గేరు న్యూట్రల్లో ఉంచి, ముందు పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పు. రెండు చుట్లు మెత్తగా తిరిగితే ఇంజను బతికే ఉంది. తిరగకపోతే బలవంతం చేయకు, ఇంకో వారం నానబెట్టు. పైపు వేసి లాగావంటే పిస్టన్ రింగు విరుగుతుంది, అప్పుడు నిజంగానే ఇంజను విప్పాలి.

తిరిగితే పాత ఆయిలు వదిలేసి కొత్తది పోసి, ఫిల్టరు మార్చు. ట్యాంకులో ఉన్నదాన్ని డీజిల్ అనకు, అది ఇప్పుడు బంక. ట్యాంకు దించి కడిగించు. చిల్లు కనిపిస్తే వెల్డింగు చేస్తానన్నవాడి దగ్గరికి వెళ్లకు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది, డీజిల్ అయినా సరే. కొత్త ట్యాంకు వేసుకో. డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిల్స్ మాత్రం నువ్వు ముట్టుకోకు. విప్పి తీసుకెళ్లి, టెస్టు బెంచి ఉన్న పంపు షాపులో ఇవ్వు. ఇంట్లో చేయకూడని పనుల్లో అది మొదటిది, హెడ్డు ఫేసింగు, అంటే హెడ్డు అడుగును మిషను మీద చదును చేయడం, రెండోది.

రేడియేటరును కూడా స్టార్టు చేశాక చూద్దాంలే అనుకోకు. ఈ ఇంజనుకు బ్లాకు పోతఇనుము, హెడ్డు అల్యూమినియం. నీళ్లు తగ్గి ఒక్కసారి వేడెక్కితే హెడ్డు వంగుతుంది, గ్యాస్‌కెట్ పోతుంది. రేడియేటరు కోరు శుభ్రం చేయించి, హోసులు, బెల్టు, థర్మోస్టాటు కొత్తవి వేశాకే తాళం చెవి.

స్టార్టు చేసే రోజు జీపును పాక బయట పెట్టు. ఇంధనం ఆపే స్టాప్ కేబులు లాగి పట్టుకుని, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొడుతూ ఆయిలు ప్రెషరు వచ్చేదాకా తిప్పు. తర్వాత ఫిల్టరు దగ్గరా, నాజిల్ పైపుల దగ్గరా గాలి తీసి, హీటరు ఇచ్చి కొట్టు. చేతికందేలా ఒక చదునైన చెక్కపలక ఉంచుకో. పాత డీజిల్ ఇంజను ఒక్కోసారి స్టాపు లాగినా ఆగకుండా తన ఆయిలునే తాగుతూ అరుస్తుంది. అప్పుడు గాలి పీల్చే గొట్టానికి ఆ పలక అడ్డం పెడితే ఊపిరాడక ఆగుతుంది. చెయ్యి మాత్రం పెట్టకు, లాగేస్తుంది. ఇలా జరగడం అరుదు. జరిగిన రోజు పలక కోసం వెతికే టైముండదు.

మొదటి అరగంట పొగ చూసి కంగారుపడకు, నువ్వు పోసిన ఆయిలే అది. బాగా వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే రింగులో, వాల్వు సీళ్లో అరిగినట్టు. నల్ల పొగ అయితే గాలి ఫిల్టరు, నాజిల్స్ చూడు. తెల్ల పొగ పోకపోతే హీటర్ ప్లగ్గులు, కంప్రెషను, లేదా నీళ్లు. మీ ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామున స్టార్టు కావాలంటే నాలుగు హీటర్ ప్లగ్గులూ పనిచేసి తీరాలి. ఈ ఇంజనులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, పక్కనున్న చిన్న గదిలో అంటుకుని బయటికొస్తుంది. చలికి ఆ గది చల్లబడితే ఎంత కొట్టినా దగ్గుతుంది తప్ప పలకదు.

కింది భాగాలకు తొందర లేదు. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె), రెండు హౌసింగుల్లో గేరాయిలు వదిలి అయస్కాంతంతో చూడు. బూడిదలాంటి ముద్ద మామూలే. గేరు పళ్ల ముక్కలు వస్తే మామూలు కాదు. ముందు చక్రాలు రెండూ గాల్లోకి ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపు. కదిలితే హబ్ బేరింగో, కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పితే ముందు చక్రం తిరిగే ఇరుసు) బేరింగో పోయినట్టు. జీపు 50 దగ్గర స్టీరింగు గజగజలాడుతుందని అందరూ చెప్పుకునే జబ్బుకు మూలం చాలాసార్లు ఆ కింగ్‌పిన్‌లోనే ఉంటుంది. స్టీరింగు డ్యాంపరు ఒకటి బిగించి పంపే మెకానిక్‌లున్నారు, అది జ్వరానికి దుప్పటి కప్పడం లాంటిది. బేరింగు వేసి, షిమ్ములతో (పల్చని రేకు బిళ్లలతో) సరైన బిగుతుకు తేవాలి. ఎంత బిగుతో చేతికి తెలియాలి కాబట్టి ఆ ఒక్కరోజు జీపుల మీద పండిన పాత మేస్త్రిని కూలీ ఇచ్చి పిలుచుకో, పక్కన కూర్చుని నేర్చుకో. కమాను కట్టల బుష్షులు, వాటి కొసలు పట్టుకునే షకిల్స్, యూ బోల్టులు నువ్వు చేసుకోగలవు.

టైర్లు పైకి ఎంత బాగున్నా పారెయ్. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైనదని అర్థం. అదే కొలతవి కొను, పెద్దవి వద్దు. ముందు బుల్‌బారు కూడా పెట్టకు, 2017 డిసెంబరులో కేంద్రం అవి చట్టవిరుద్ధమని రాష్ట్రాలన్నిటికీ రాసింది.

వైరింగు మొత్తం కొత్తది లాగు, పాతదానికి టేపులు చుట్టకు. అన్నిటికీ ఫ్యూజులుండాలి, బ్యాటరీ దగ్గర కటాఫ్ స్విచ్చి పెట్టు. ఈ పని కరెంటు తెలిసిన ఎవరైనా రెండు రోజుల్లో చేస్తారు.

తుప్పు, రంగు అన్నిటికంటే చివర. డ్రైవరు కాళ్ల కింది మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవరుతో రేకును పొడిచి చూడు. దిగబడినచోట కోసి, కొత్త రేకు వేసి టింకరింగు చేయించాలి. దానిమీద లప్పం పూసి రంగేస్తే రెండు వానాకాలాలు ఆగదు. ఛాసిస్‌ను చిన్న సుత్తితో కొడుతూ పోతే మంచి ఇనుము గణగణమంటుంది, తినేసినచోట శబ్దం చచ్చిపోతుంది. కమాన్ల బ్రాకెట్ల దగ్గర, స్టీరింగు బాక్సు బిగించినచోట బాగా చూడు. మీ వైపు తేమ ఎక్కువ కాబట్టి రంగు పని మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టుకో. బాడీ పూర్తిగా పోయిందంటే హర్యానాలో డబ్వాలీ వైపు రెడీమేడ్ జీపు బాడీలు చేస్తారని నీకు ఎవరో ఒకరు చెబుతారు. చేస్తారు, నిజమే. నీ ఆర్‌సీలో ఉన్న ఆకారానికి సరిపోయేదైతేనే ఆ మాట విను.

ఫోర్‌వీల్‌ను తారు రోడ్డు మీద పరీక్షించకు. ఈ ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు వెనక చక్రాల తేడా సర్దే ఏర్పాటు లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి. తారు మీద జారే వీలు లేక షాఫ్టులు మెలిపడతాయి. వాగు ఇసుకలోకి దింపి వెయ్యి. అదీ రెన్యువల్, ఇన్సూరెన్సు, పొల్యూషను కాగితం చేతికొచ్చాకే రోడ్డెక్కి వాగుకు వెళ్లు. అప్పటిదాకా మీ పెరడే నీ రోడ్డు.

ఖర్చు ఎంతని నువ్వు అడగలేదు, తెలివైనవాడివి. బ్రేకులు, టైర్లు, పంపు, రేడియేటరు, వైరింగు, రెన్యువల్ ఈ ఆరింటికీ ధరలు కనుక్కుని కూడి, అందులో సగం మళ్లీ కలుపు. ఆ మొత్తం ఏడాదిలో పెట్టలేకపోతే రెండేళ్లు పెట్టుకో. నా పద్ధతిలో బండి ఎప్పుడూ విప్పేసి ఉండదు కాబట్టి మధ్యలో ఆగినా నష్టం లేదు.

ఈ దసరాకు మాత్రం ఇంతే పని. ఆర్‌సీ ఎక్కడుందో అమ్మను అడుగు, ట్రంకుపెట్టె తాళాలు ఆవిడ దగ్గరే ఉండి ఉంటాయి. చక్రాలు బిగుసుకుని ఉంటాయి, డ్రమ్ములు వదులు చేసి, గాలి కొట్టి, నలుగురిని పిలిచి జీపును పాకలోంచి బయటికి తోయించు. ఎత్తైనచోట నాలుగు రాళ్ల మీద మందమైన చెక్కలేసి నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పు, అడుగున గాలి ఆడేలా వదులు. ఆవిడ అడిగిన సగం పాక ఆవిడకు ఇచ్చెయ్.